కేమార్ట్: అరలు ఖాళీ అయిన క్రమం

డిస్కౌంటు దుకాణం కొనుగోలుదారులకు ఇచ్చే మాట చాలా చిన్నది. రోజువారీ అవసరానికి కావలసిన వస్తువు అరలో ఉంటుంది, ధర తక్కువగా ఉంటుంది, అంతే. హంగులను ఎవరూ ఆశించరు. అమెరికాలో దేశమంతటా విస్తరించి ఈ మాటను నిలబెట్టుకున్న తొలి సంస్థలలో కేమార్ట్ ముఖ్యమైనది. తరువాతి దశాబ్దాలలో అదే మాటను కొంచెం కొంచెంగా తప్పుతూ వచ్చినదీ కేమార్టే. 2024 అక్టోబరు 20న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌హాంప్టన్ శాఖ మూతపడడంతో అమెరికా ప్రధాన భూభాగంలో పూర్తి పరిమాణం గల కేమార్ట్ ఒక్కటీ లేకుండా పోయింది. మయామి దగ్గరి కెండేల్ లేక్స్‌లో, ఒకప్పటి పెద్ద దుకాణపు తోట సామాన్ల విభాగంలోకి కుదించుకున్న ఒక చిన్న శాఖ, అమెరికా అధీనంలోని గ్వామ్, వర్జిన్ దీవులలోని కొద్ది దుకాణాలు మాత్రమే అప్పటికి మిగిలాయి.

సెబాస్టియన్ క్రెస్గీ 1899లో డెట్రాయిట్‌లో ప్రారంభించిన ఐదు సెంట్లు, పది సెంట్ల దుకాణాల వ్యాపారం దీనికి మూలం. ఆ సంస్థ పగ్గాలు హ్యారీ కన్నింగ్‌హామ్ చేతిలో ఉన్నప్పుడు, 1962 మార్చి 1న, మిషిగన్‌లోని గార్డెన్ సిటీలో మొదటి కేమార్ట్ తెరుచుకుంది. పోటీ డిస్కౌంటు సంస్థలైన టార్గెట్, వాల్‌మార్ట్ కూడా అదే ఏడాది పుట్టినవే. అయితే వాల్‌మార్ట్ ఆర్కన్సా పల్లెపట్టణాలలో మెల్లగా పాదం మోపుతున్న కాలంలో కేమార్ట్ పెద్ద నగరాల శివార్లన్నిటినీ ఆక్రమించింది. 1977 నాటికి అమ్మకాలలో సింహభాగం ఈ దుకాణాలదే కావడంతో క్రెస్గీ కంపెనీ తన పేరునే కేమార్ట్‌గా మార్చుకుంది.

ఆ రోజుల కేమార్ట్‌కు మంచి మార్కులే వేయాలి. వాయిదాలలో డబ్బు కట్టేదాకా వస్తువును దుకాణంవారే దాచి ఉంచే లేఅవే పద్ధతి క్రెడిట్ కార్డు లేని కుటుంబాలకు నిజమైన ఆసరా. 1965లో ఇండియానాలోని ఒక శాఖలో మొదలైన బ్లూలైట్ స్పెషల్ అయితే సరదాకు సరదా, బేరానికి బేరం: చక్రాల బండికి కట్టిన కర్రపై పోలీసు కారు దీపం లాంటిది నీలంగా తిరుగుతుంటే, ‘అటెన్షన్, కేమార్ట్ షాపర్స్’ అని మైకులో పిలుపు వినిపించేది, కదలని సరుకు కొద్ది నిమిషాలలో కదిలిపోయేది. తరువాతి కాలంలో గృహాలంకరణకు పేరుపొందిన మార్తా స్టూవర్ట్ పేరుతో వచ్చిన దుప్పట్లు, తువ్వాళ్ల నాణ్యత వాటి ధరకు మించినది. మా ఇంట్లో అవి ఇంకా వాడుకలో ఉన్నాయి.

అసలు లోపం కూడా ఈ ఆకర్షణలోనే దాగి ఉందని నా అభిప్రాయం. కేమార్ట్ అమ్మకాలు ప్రధానంగా వారం వారం ఆదివారపు పత్రికలతో వచ్చే రంగుల కరపత్రం మీద నడిచేవి. ఈ వారం డిటర్జెంటు చవక అని ప్రకటిస్తే జనం ఒక్కసారిగా దానికే ఎగబడతారు, మరుసటి వారం ఎవరూ దాని ముఖం చూడరు. ఇలా ఎగిరిపడే గిరాకీని ముందుగా అంచనా కట్టి సరిపడా సరుకు తెప్పించడం ఎంతటి యంత్రాంగానికైనా కష్టం, కేమార్ట్ యంత్రాంగం ఆ విషయంలో మొదటి నుంచీ బలహీనమైనదే. వాల్‌మార్ట్ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లింది. ఏడాది పొడవునా ఒకే తక్కువ ధర ఉంచడం వల్ల గిరాకీ నిలకడగా ఉండేది, 1980లలోనే సొంత ఉపగ్రహ సమాచార వ్యవస్థను ఏర్పరచుకోవడం వల్ల ఏ శాఖలో ఏది తగ్గిందో కేంద్రానికి వెంటనే తెలిసేది. ప్రకటనలో చూసి వచ్చిన వస్తువు అరలో లేకపోవడం కొనేవారికి మామూలు అసౌకర్యంలా తోచదు. మాట తప్పినట్లే తోస్తుంది.

ఈ లోపాన్ని సరిదిద్దవలసిన కాలంలో యాజమాన్యం దృష్టి వేరే వ్యాపారాల మీదికి మళ్లింది. పుస్తకాలమ్మే వాల్డెన్‌బుక్స్, ఇంటి నిర్మాణ సామగ్రి అమ్మే బిల్డర్స్ స్క్వేర్, క్రీడాసామగ్రి అమ్మే స్పోర్ట్స్ అథారిటీ, ఆఫీసు సామగ్రి అమ్మే ఆఫీస్‌మ్యాక్స్, మరో పుస్తకాల సంస్థ బోర్డర్స్ ఇలా ఒకదాని వెంట ఒకటి కొనుగోలు చేసింది. 1990లలోనే వాటిని వదిలించుకోవలసి వచ్చింది. ఆ కొనుగోళ్లు జరుగుతుండగానే, 1990లో, వాల్‌మార్ట్ అమ్మకాలలో కేమార్ట్‌ను దాటింది.

2001లో బ్లూలైట్ పేరును మళ్లీ తీసుకువచ్చి, వేల వస్తువుల ధరలు తగ్గించి, వాల్‌మార్ట్‌తో నేరుగా తలపడాలని చూశారు. అదే సమయంలో ఖర్చు తగ్గించడానికి కరపత్రాలను కుదించారు. ధరలో వాల్‌మార్ట్‌ను ఓడించగల శక్తి లేదు, కరపత్రం కోసం వచ్చే పాత కొనుగోలుదారులు రావడం మానేశారు. ఇంతకంటే దురదృష్టకరమైన నిర్ణయం ఈ సంస్థ చరిత్రలో మరొకటి కనిపించదు. కిరాణా సరుకు అందించే ఫ్లెమింగ్ సంస్థ బకాయిల కారణంగా సరఫరా ఆపివేసిన వెంటనే, 2002 జనవరి 22న, కేమార్ట్ దివాలా రక్షణ కోరింది. అప్పటికి అమెరికా చిల్లర వర్తకంలో అదే అతి పెద్ద దివాలా. అప్పటికీ దాని చేతిలో 2,100కు పైగా దుకాణాలు ఉన్నాయి.

దివాలా నుంచి బయటపడిన కేమార్ట్ ఎడ్డీ లాంపర్ట్ అనే పెట్టుబడిదారు అధీనంలోకి వచ్చింది. ఇక్కడి నుంచి దీనిని దుకాణంగా కంటే స్థలాల మూటగా చూడడం మొదలైంది. 2004లో కొన్ని శాఖలను ఇంటి నిర్మాణ సామగ్రి అమ్మే హోమ్ డిపోకు, పాత డిపార్ట్‌మెంట్ దుకాణాల సంస్థ సియర్స్‌కు అమ్మారు; ఆ ఏడాది చివరలోనే దాదాపు 1,100 కోట్ల డాలర్లతో సియర్స్‌నే కొంటున్నట్లు ప్రకటించారు. రెండు నీరసించిన సంస్థలను కలిపితే ఒక బలమైన సంస్థ ఎలా అవుతుందో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. తరువాతి సంవత్సరాలలో సొంత షేర్లను తిరిగి కొనడానికి వందల కోట్ల డాలర్లు వెచ్చించిన ఈ సంస్థ, దుకాణాల మరమ్మతులకు, వెలుతురుకు, నేలకు పెట్టిన ఖర్చు పోటీదారులతో పోలిస్తే అతి స్వల్పం. 2015లో 235 దుకాణాల స్థలాలను సెరిటేజ్ అనే వేరే సంస్థకు దాదాపు 270 కోట్ల డాలర్లకు బదలాయించారు. 2018 అక్టోబరులో, కేమార్ట్, సియర్స్ కలిసి ఏర్పడిన సియర్స్ హోల్డింగ్స్ కూడా దివాలా తీసింది. కేమార్ట్‌ను ఆన్‌లైన్ వ్యాపారం చంపిందనే మాట తరచూ వినిపిస్తుంది గాని, అదే గాలిని తట్టుకుని టార్గెట్ నిలబడింది కదా!

న్యూజెర్సీ తెలుగువారికి ఈ కథలో ఒక దగ్గరి అధ్యాయం ఉంది. ఎడిసన్, ఐసలిన్‌లకు కూతవేటు దూరంలో ఉన్న ఎవెనెల్ శాఖ దేశంలో చివరిదాకా నిలిచిన అతి కొద్ది కేమార్ట్‌లలో ఒకటి. అది 2023 ఏప్రిల్‌లో మూతపడింది. అంతటి జనసాంద్రత, నిత్యం కొత్త కాపురాలు పెట్టే వలస కుటుంబాలు చుట్టూ ఉన్న చోట కూడా అది నిలవలేదంటే, లోటు గిరాకీలో లేదని స్పష్టమవుతుంది.

ఆస్ట్రేలియా వైపు చూస్తే ఈ అభిప్రాయం ఇంకా బలపడుతుంది. 1969లో మెల్‌బోర్న్ శివారు బర్వుడ్ ఈస్ట్‌లో మొదలైన అక్కడి కేమార్ట్ ఇప్పుడు వెస్‌ఫార్మర్స్ అనే ఆస్ట్రేలియా వ్యాపార సంస్థ చేతిలో ఉన్న వేరే సంస్థ. అది కూడా 2008 ప్రాంతంలో నీరసించి ఉన్నదే. గై రుస్సో నాయకత్వంలో వస్తువుల రకాలను తగ్గించి, హడావిడి డిస్కౌంట్లను పక్కనపెట్టి, సొంత సరుకును స్థిరమైన తక్కువ ధరకు అమ్మడంతో కోలుకుంది; అంకో బ్రాండు ఈ దారిలోనే వచ్చింది. కాబట్టి మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో కొత్తగా ఇల్లు సర్దుకునేవారు గిన్నెలకూ దుప్పట్లకూ ముందుగా కేమార్ట్‌కు వెళ్లడం తెలివైన పనే. గ్వామ్‌లో వాల్‌మార్ట్, టార్గెట్ లేవు గనుక అక్కడ టామునింగ్ శాఖకు స్థానికులూ పర్యాటకులూ వస్తూనే ఉన్నారు. ఆ దీవికి వెళ్లేవారు తప్పక చూడవచ్చు. మయామి శాఖ కోసం మాత్రం ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోనక్కరలేదు, పాత గుర్తుపలకను ఫొటో తీసుకోవాలనే కోరిక ఉంటే తప్ప.