నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ మ్యాక్రోలు భేష్, ప్లగిన్ కలిస్తేనే పేచీ

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి సీజన్ మొదలైందంటే మా షాపుకి వచ్చే ఫైళ్లు చూసి తల పట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటా నుంచి దించిన టెక్స్ట్ ఫైలు, ప్రతి లైను ముందూ పనికిరాని నంబరు, మధ్యలో ఇష్టమొచ్చినన్ని ఖాళీలు. వాటిని శుభ్రం చేసి ఎక్సెల్లోకి ఎక్కించడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ని మించింది నాకైతే దొరకలేదు. 2003 నుంచీ ఉన్న టెక్స్ట్ ఎడిటర్, ఉచితం, విండోస్‌కి మాత్రమే.

అసలు బలం మ్యాక్రోలే. ఒక్క లైను మీద చేసే పని రికార్డు చేసి, మ్యాక్రో మెనూలో ఫైలు చివరిదాకా నడిపించమంటే మనం టీ తాగేలోపు అయిపోతుంది. రికార్డు చేసేటప్పుడు మాత్రం మౌస్ జోలికి పోవద్దు, మౌస్‌తో కర్సర్ కదిపితే అది రికార్డు కాదు. హోమ్, ఎండ్, బాణం కీలతోనే కానివ్వండి, చివర కింది లైను మొదటికి దిగి ఆపండి, లేదంటే కొట్టిన లైన్నే మళ్లీ కొడుతుంది.

ఇంత బాగా నడుస్తున్నదానికి షాపులో ఎవరో ఒక ప్లగిన్ (ఎడిటర్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాం) వేశారు. అంతే, మ్యాక్రోకి మేం పెట్టుకున్న షార్ట్‌కట్ కీ నొక్కితే పక్కన ఏదో ప్యానెల్ తెరుచుకుంటోంది, లైను మాత్రం ఎక్కడిదక్కడే. అవతల కమిషన్ ఏజెంట్ ‘అన్నా, అయిందా’ అని ఫోన్ మీద ఫోన్.

ఇలా అయినప్పుడు వెంటనే మ్యాక్రో చెరిపేసి కొత్తది రికార్డు చేయకండి. ముందు మ్యాక్రో మెనూలోంచి దాని పేరు మీద క్లిక్ చేసి నడపండి. నడిచిందా, మ్యాక్రో మంచిదే, తగాదా అంతా కీ దగ్గరే. అప్పటికీ అనుమానం తీరకపోతే ఎడిటర్‌ని పూర్తిగా మూసేసి, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర ఒక ఖాళీ వదిలి ‘-నోప్లగిన్’ అని ఇంగ్లీషులో (పి ఒక్కటే పెద్దక్షరం) చేర్చి తెరవండి, ప్లగిన్లు ఒక్కటీ లోడ్ కావు. అప్పుడు కీ పనిచేసిందా, తప్పు ప్లగిన్‌దే. ఈ సదుపాయం ఒక్కదానికే నేను ఒక స్టార్ ఎక్కువ ఇస్తా.

మందు సెట్టింగ్స్‌లోని షార్ట్‌కట్ మ్యాపర్‌లో ఉంది. మ్యాక్రోల ట్యాబ్‌లో మన మ్యాక్రోని ఎంచుకుంటే, అదే కీ ఇంకెవరి దగ్గరుందో కింద పెట్టెలో చూపిస్తుంది. కంటికి ఆనని చోట పెట్టారు, అదొక్కటే నా ఫిర్యాదు. తర్వాత ప్లగిన్ కమాండ్స్ ట్యాబ్‌కి పోయి దాని కీ మార్చండి, మనది కాదు. చేతికి అలవాటైన కీ మనమెందుకు వదులుకోవాలి, అడగకుండా వచ్చి కూర్చున్నది ఆ ప్లగినే కదా.

మ్యాక్రోలన్నీ యాప్‌డేటా (విండోస్‌లో ప్రోగ్రాంలు తమ సెట్టింగ్స్ దాచుకునే ఫోల్డర్) లోని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఫోల్డర్లో, షార్ట్‌కట్స్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. కొత్త ప్లగిన్ వేసే ముందు ఆ ఫైల్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఐదుకి నాలుగున్నర.