పాత స్కార్పియోతో అరకు, పాడేరు, లంబసింగి

2014 నాటి డీజిల్ స్కార్పియోను సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగేళ్లయింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చుట్టాల కార్లు లాగే పని దానికే పడుతుంది. మొన్న డిసెంబరులో మేమూ, బావగారి కుటుంబమూ రెండు బళ్లలో విశాఖ నుంచి బయల్దేరాం.

ముందురోజే ఒక షెడ్డులో సర్వీసు చేయించాను. డీజిల్ ఫిల్టర్ మార్చామని బిల్లు కూడా వేశారు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే బండిలో పస తగ్గింది, ఫిల్టర్‌లో నీరుందన్న లైటు వెలిగింది. అనంతగిరిలో ఓ మెకానిక్ కుర్రాడు ఫిల్టర్ కింది మర వదులు చేసి ఖాళీ సీసా పట్టాడు. పైన లేత పసుపు డీజిల్, అడుగున రెండు వేళ్ల ఎత్తున నీళ్లు. ఫిల్టర్ పాతదే! నాకు కడుపు మండిపోయింది. మార్చిన పాత సామాను అడిగి చూడందే డబ్బులివ్వకండి.

అరకులో సెలవుల రద్దీ. మేం దిగిన హోటల్లో గదులు శుభ్రమే గానీ బండి వాలు రోడ్డు మీదే పెట్టాలి. చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి పడుకున్నాం. చలికి పొద్దున్నే, ఇంజిన్‌ను ముందుగా వేడెక్కించే కాయిల్ లైటు ఆరేదాకా ఆగి స్టార్ట్ చేస్తే ఒక్క తిప్పుకే అందుకుంది. బొర్రా గుహలు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. చాపరాయి వాగు దగ్గర మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు, బండ జారుతుంది.

నన్నడిగితే అరకులో ఒక రాత్రి తగ్గించి పాడేరులో ఉండండి. వంజంగి కొండ మీద తెల్లారుజామున కాళ్ల కింద మబ్బులు పరుచుకుంటే ఎవరికీ మాట రాలేదు.

అక్కడి టెంట్ల బసలో భోజనం కమ్మగా ఉంది, పార్కింగే బురద. బావగారి కారు దిగబడింది. ఎక్సలేటర్ తొక్కీ తొక్కీ క్లచ్ కాల్చేశారు, వాసన గుప్పుమంది. తాడును రెండు బళ్ల కొక్కేలకే కట్టాను, బంపరుకు కాదు. తెగితే విసురుగా కొట్టకుండా మధ్యలో తడి గోనెసంచి వేసి, అందర్నీ దూరంగా నిలబెట్టాను. మొదటి గేరులో తాడు బిగిసేదాకా మెల్లగా, తర్వాత ఒకే లాగు. బయటపడింది.

"ఇలాగే కిందికి లాక్కుపోదాం బావా" అన్నారాయన. ఒప్పుకోలేదు. ఇంజిన్ ఆగిన బండికి నాలుగుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఘాట్ దిగేటప్పుడు వెనక బండి వచ్చి మన మీదే పడుతుంది. తాడు 5 మీటర్లు మించకూడదని నిబంధన, ఆ దూరంలో తప్పుకునే వ్యవధి ఉండదు. చోడవరం వైపు వెళ్లే రికవరీ వ్యాన్ ఎక్కించాం. మూడు గంటలు ఆలస్యంగా వచ్చినా, నాలుగు చక్రాలూ కట్టి జాగ్రత్తగా తీసుకెళ్లాడు.

లంబసింగికి ఎనిమిది మందిమీ స్కార్పియోలోనే వెళ్లాం. నర్సీపట్నం వైపు ఘాట్ మొత్తం రెండో గేరులోనే దించాను. కింద టీకొట్టు దగ్గర ఆపి, బ్రేకులు వేడెక్కాయేమోనని చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగానే ఉన్నాయి.