కొసరుగా వచ్చిన స్కోపు

నేను వాడే ఈ ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకీ) గురించి ఎవరు అడిగినా మంచి మాటే చెబుతూ వచ్చాను. ఇప్పుడూ కాదనను. కానీ దానితో పాటు పండగ ఆఫరులో అంటగట్టిన స్కోపు (గురిని పెద్దదిగా చూపే గొట్టం) మీద నా కోపం ఇంకా చల్లారలేదు. కొలతలు, బరువు, వేగం పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. బ్యారెల్‌ను కిందికి వంచి స్ప్రింగు ఎక్కించే 4.5 మిల్లీమీటర్ల గుండు రకం. 20 జౌళ్ల లోపు శక్తి కాబట్టి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. డాబా మీద పది మీటర్ల దూరంలో, మెట్లగది గోడకు ఆనించిన చెక్కపెట్టెలో పాత పుస్తకాలు కుక్కి, దానికి కాగితం అంటించి కాల్చుకుంటాను. నా షూటింగ్ అంతా ఇంతే.

రైఫిల్ ఒక్కటే కొంటే ఒక ధర. దానికి మరో పదిహేను వందలు కలిపితే స్కోపు, రెండు కాళ్ల స్టాండు, కవరు, ఒక డబ్బా పెల్లెట్లు (చిన్న గుండ్లు), టార్గెట్ కాగితాల కట్ట. స్కోపు విడి ధర నాలుగు వేలని అచ్చువేసి, దాని మీద ఎర్రగీత కొట్టారు. కొట్టేసిన ధరకు ఉన్న ఆకర్షణ అసలు ధరకు ఎప్పుడూ ఉండదు. పైగా నాకు చత్వారం. బ్యారెల్ మీద గురి కోసం ఉండే వెనక గాడి, ముందు పుల్ల, అవతలి నల్ల చుక్క, ఈ మూడూ ఒక్కసారి స్పష్టంగా కనిపించే వయసు దాటిపోయింది. కళ్లద్దాలు పెట్టుకుంటే గాడి కనబడుతుంది, చుక్క మాయమవుతుంది. తీసేస్తే చుక్క ఉంటుంది, గాడి అలుక్కుపోతుంది. అటువంటివాడికి నాలుగు రెట్లు పెద్దదిగా చూపించే గొట్టం దాదాపు ఉచితంగా ఇస్తామంటే చేయి చాపకుండా ఎలా ఉంటాడు?

మొదట్లో బాగానే ఉంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులకు గట్టిగా సిఫారసు కూడా చేశాను. కుర్చీ వెనక్కి తిప్పి దాని మీద మోచేయి ఆనించి కాలిస్తే గుండ్లన్నీ రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడేవి. ఆ తర్వాత నెమ్మదిగా గుండ్లు పడే గుంపు కుడివైపు జరగడం మొదలైంది. నా చేతిలోనే లోపం ఉందనుకుని ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం అన్నీ సాధన చేశాను. గుంపు ఈసారి కిందికి జారింది. స్కోపు పైనున్న మరను తిప్పి సరిచేయబోయాను. ఒక్కో క్లిక్కు కోణపు నిమిషంలో (డిగ్రీలో అరవయ్యో వంతు) పావు వంతని పెట్టె మీద ఉంది. అంటే వంద మీటర్ల దూరంలో సుమారు 7 మిల్లీమీటర్లు, నా పది మీటర్ల దగ్గర 0.7. సెంటీమీటరు పైకి జరపాలంటే పద్నాలుగు క్లిక్కులు. తిప్పాను. తర్వాతి గుండు పాత చోటే పడింది. దాని తర్వాతిదీ అక్కడే. విసుగొచ్చి మరో నాలుగు తిప్పితే ఒక్కసారిగా మూడు సెంటీమీటర్ల పైకి ఎగిరింది. కాగితమే దాటిపోయింది.

మా పక్క వీధిలో నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. విశాఖలో ఉండటం వల్ల ఒక లాభం ఇది, ఆయుధం తెలిసినవాళ్లు పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటారు. ఆయన వచ్చి స్కోపును అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏమయ్యా, ఇది ఏ తుపాకీకి చేసిన స్కోపు?"

"దీనితోనే వచ్చింది బాబాయ్ గారూ."

"దీనితో వచ్చిందన్నావు సరే, దీనికోసం చేశారా అని అడుగుతున్నాను."

రైఫిల్‌ను రెండు ఇసుక సంచుల మధ్య కదలకుండా పెట్టించారు. ముట్టుకోకుండా కన్ను మాత్రం కాస్త పైకీ కిందికీ కదిలిస్తూ చూడమన్నారు. చూస్తే కళ్ల ముందే, స్కోపులో గురికోసం కనిపించే అడ్డగీత నల్ల చుక్క మీంచి జరిగి తెల్ల కాగితం మీదికి పోయింది, మళ్లీ వచ్చింది. రైఫిల్ కదలలేదు, కాగితం కదలలేదు. ఇటువంటి చవక స్కోపులను యాభై గజాలకో వంద గజాలకో కుదిర్చి వదిలేస్తారట. పది మీటర్ల దగ్గర కన్ను ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే గురి దానంతటదే మారిపోతుంది. దగ్గరి దూరాలకు సర్దుకునే రింగు ముందు అద్దం దగ్గర ఉండాలి. దీనికి లేదు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే అన్నారాయన, నవ్వకుండా.

అది చిన్న జబ్బే. పెద్దది వేరే ఉంది. మందుగుండు తుపాకీ పేలితే వెనక్కి మాత్రమే తంతుంది. స్ప్రింగు రైఫిల్ అలా కాదు. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది, రైఫిల్ వెనక్కి కదులుతుంది. గొట్టం చివర నొక్కుకుపోయిన గాలి పిస్టన్‌ను ఠక్కున ఆపుతుంది, అప్పుడు రైఫిల్ మొత్తం ముందుకు ఉలిక్కిపడుతుంది. అంతా రెప్పపాటులోపే. వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకునేలా చేసిన స్కోపు ఈ ముందు కుదుపుకు తట్టుకోదు. అసలైన తుపాకుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన స్కోపును బొమ్మలా కనిపించే ఈ ఎయిర్ రైఫిల్ పాడుచేయగలదని అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మినవాడు అసలే చెప్పలేదు.

ఆయన ఒక పెన్సిల్ తెప్పించి, స్కోపును పట్టుకునే రింగు మీంచి, అది బిగించి ఉండే రైఫిల్ పైభాగపు పట్టా మీదికి సన్నటి గీత గీశారు. ఆ సాయంత్రం డబ్బాలో సగం పెల్లెట్లు కాల్చాక చూస్తే గీత రెండు ముక్కలైంది. రింగు రెండు మిల్లీమీటర్లు వెనక్కి జారింది, పట్టా మీది నల్లపూత చెక్కుకుపోయి తెల్లటి ఇనుము కనబడుతోంది. రింగులు జారకుండా ఆపే చిన్న మేకు కోసం రైఫిల్ మీద రంధ్రం ఉంది. దానిలో దిగే మేకు ఉన్న రింగులు మాత్రం ఆఫరులో లేవు.

విడిగా ఒకే ముక్కగా ఉండే, మేకున్న రింగులు కొన్నాను. మేకు దిగాక జారడం ఆగింది, గురి మాత్రం కుదరలేదు. ఈ రకం రైఫిళ్లలో బ్యారెల్ ఒక కీలు మీద వంగుతుంది. మూసినప్పుడు అది చాలాసార్లు వెంట్రుకవాసి కిందికి చూస్తూ ఉంటుంది. స్కోపు ఉండేది వెనక భాగం మీద, గుండు వెళ్లేది ముందు ముక్క నుంచి. ఆ తేడా పూడ్చడానికి స్కోపు మరను పైకి చివరిదాకా తిప్పాల్సి వస్తుంది. తిప్పేకొద్దీ లోపలి గొట్టాన్ని అదిమిపెట్టే చిన్న స్ప్రింగు వదులైపోతుంది. క్లిక్కులు తిప్పినా కదలకుండా ఉండి, ఎప్పుడో కుదుపుకు ఎగిరిపడడం దానివల్లే. పెద్దాయన దగ్గర దీనికో పాత చిట్కా ఉంది. వెనక రింగు కింద ఫొటో ఫిల్ము ముక్క పెట్టాలి. ఫిల్ము ఇప్పుడెక్కడ దొరుకుతుంది? మా ఇనప్పెట్టెలో పెళ్లి ఫొటోల నెగటివ్‌లు ఉన్నాయి. మా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి అక్షింతలు వేస్తూ ఎవరిదో వీపు మాత్రమే పడిన ఒక నెగటివ్‌ను ఏరి ఇచ్చింది. దాన్ని వెడల్పుగా కత్తిరించి రెండు పొరలు పెడితే గుండు పైకి లేచింది, మర మధ్యకు వచ్చింది.

నాలుగు ఆదివారాలు గడిచాయో లేదో, ఒక ఉదయం కన్ను పెట్టేసరికి అడ్డగీత ఒక పక్కకు ఒరిగి ఉంది. నేనే తుపాకీని వంకరగా పట్టుకున్నానేమో అనుకున్నాను. మరో రెండు గుండ్లకు నిలువు గీత తెగి, సగం వేలాడింది. సన్నటి తీగతో చేసిన అడ్డగీత అది. అద్దం మీద చెక్కినదైతే తెగేది కాదు. అమ్మిన చోటికి ఫోను చేస్తే, ఆఫరులో ఇచ్చిన వస్తువులకు గ్యారంటీ వర్తించదని చెప్పి పెట్టేశారు. పదిహేను వందలు తీసుకున్నప్పుడు అది కొసరు కాదు, పాడైనప్పుడు మాత్రం కొసరు!

ఇంతకీ నా చత్వారానికి మందు దొరికింది మరోచోట. ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపులు నిషిద్ధం. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో తెచ్చిన స్వర్ణం, మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో తెచ్చిన కాంస్యం, రెండూ భూతద్దం లేకుండా వచ్చినవే. ఆ కాగితం మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు! వాళ్లు వాడేది పీప్ సైటు. కంటి ముందు ఒక బిళ్ల, దాని మధ్యలో సూదిబెజ్జం లాంటి రంధ్రం. సన్నటి రంధ్రంలోంచి చూస్తే దగ్గరదీ దూరందీ రెండూ తేటగా కనిపిస్తాయి. ఆ రకంలో సాదాసీదా లోహపు సైటు ఒకటి, స్కోపు కొట్టేసిన ధరకు కాస్త అటూ ఇటూగా దొరికింది. బ్యారెల్ మీది పాత గాడిని విప్పేసి ఇది వెనక పట్టాకు బిగించాను. మొదటిసారి కన్ను పెట్టినప్పుడు, ముందు పుల్ల అంచు నల్లగా గీత గీసినట్టు నిలబడింది. దాని పైన చుక్క గుండ్రంగా కూర్చుంది. కళ్లద్దాలు చొక్కా జేబులోనే ఉన్నాయి. ఇందులో తెగే తీగ లేదు, పగిలే అద్దం లేదు. స్ప్రింగు ఎంత తన్నినా చలించదు. వెలుగు తగ్గితే మాత్రం పనికిరాదు. సంధ్యవేళ రంధ్రంలో చీకటి తప్ప ఏమీ కనబడదు. మబ్బు పట్టిన రోజున నేను తుపాకీ తీయను.

రైఫిల్ బాగుందన్నాను. బాగుంది, అయితే మేముండేది సముద్రానికి కూతవేటు దూరంలో. ఉప్పుగాలికి నల్లపూత నిలవదు. చెమట చేత్తో పట్టుకుని తుడవకుండా పెట్టేస్తే మర్నాటికి వేలిముద్రలు తుప్పులో తేలుతాయి. ట్రిగ్గర్ మెత్తగా ఉందని చెప్పిన రోజులున్నాయి. ఇప్పుడు నొక్కుతుంటే గుండు ఎక్కడ పేలుతుందో చెప్పలేనంత సాగుతోంది. బ్యారెల్ మూసుకునే చోట రబ్బరు రింగు ఒకసారి మార్చాల్సి వచ్చింది. రింగు వెల పాతిక రూపాయలే, కానీ సరైన కొలతది దొరకడానికి జగదాంబ సెంటర్ చుట్టుపక్కల చాలా తిరిగాను.

ఆఫరులోని మిగతా సరుకు సంగతి త్వరగా ముగిస్తాను. రెండు కాళ్ల స్టాండు శుద్ధ దండగ. స్ప్రింగు రైఫిల్‌ను గట్టి ఆధారం మీద బిగించి పెడితే కుదుపు ప్రతిసారీ ఒక్కో రకంగా తిరిగి కొడుతుంది, గుంపు చెదిరిపోతుంది. దాన్ని అరచేతిలో వదులుగా ఆనించుకుని, కదలాలనుకుంటే కదలనివ్వాలి. పెల్లెట్లలో వెనక అంచు నొక్కుకుపోయినవి పదికి రెండు మూడు తగిలేవి. అద్దం మీద దొర్లిస్తే గుండ్రంగా తిరగనివి తెలిసిపోతాయి. మంచి పెల్లెట్ల డబ్బా దాదాపు రెట్టింపు ధర, కానీ గుంపు సగానికి తగ్గింది. రైఫిల్‌కు చేసిన ఖర్చులో ఇంత ఫలం ఇచ్చింది మరొకటి లేదు. అన్నట్టు, అమ్మినవాడు గొట్టంలో కుట్టుమిషను నూనె పోయమంటే పోయకండి. లోపల నొక్కుకున్న వేడిగాలికి అది అంటుకుని టపాసులా పేలుతుంది, పొగ వస్తుంది, పిస్టన్ రబ్బరు పోతుంది. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అది సీసం. పొలంలో కోతులను బెదిరించడానికి కొనాలనుకునేవారు కూడా ఈ సంగతులు అడుగుతుంటారు. ప్రాణుల మీదికి గురిపెట్టే పనికి నా దగ్గర సలహా లేదు.

చవక ఆశ ఇక్కడితో చచ్చిందా అంటే లేదు. ఈమధ్య పోటీల స్థాయి జర్మన్ రైఫిల్ ఒకటి, కొత్తదైతే రెండు మూడు లక్షలు పలికేది, వాడినది నలభై వేలకే ఇస్తామని ఒకరు ముందుకొచ్చారు. నాకు ఆ రాత్రి కళ్లముందు అదే. హైదరాబాద్‌లో సాధన చేసే మా మేనకోడలికి ఫోను చేశాను. "మామయ్యా, ముందు గాలి సిలిండరు మీద అచ్చువేసిన తేదీ ఫొటో తీసి పంపమనండి" అంది. 200 బార్ల ఒత్తిడితో (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెండు వందల రెట్లు) గాలి నింపే ఆ సిలిండరుకు తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు. అంతర్జాతీయ పోటీల్లో అది గడువులో ఉందో లేదో చూసుకునే బాధ్యత ఆడేవాళ్లదే. ఫొటో వచ్చింది. గడువు ఎప్పుడో దాటింది. మొహానికి ఆనించుకునే చోట అంత ఒత్తిడి గల ముసలి సిలిండరు వద్దనుకున్నాను. కొత్త సిలిండరు కొని బిగిస్తే ఆ ధర అప్పటికీ చవకే కదా అని మనసు ఇంకా లెక్కలు వేస్తూనే ఉంది.

మరి కొనవచ్చా అంటారా? రైఫిల్ ఒక్కటీ అయితే, పది మీటర్ల చోటు, వెనక గట్టి గోడ, తుడిచే ఓపిక ఉన్నవారు కొనవచ్చు. చూపు బాగున్న కుర్రవాళ్లకు దానితో వచ్చే గాడీ పుల్లా చాలు, ఒక్క పైసా అదనంగా పెట్టనక్కర్లేదు. స్కోపు కావలసిందే అనుకుంటే స్ప్రింగు రైఫిల్ కోసమే చేసినదని స్పష్టంగా రాసి ఉన్నది, పది గజాల దాకా సర్దుకునే రింగున్నది వెతకండి. ధర రైఫిల్‌లో సగం పైనే ఉంటుంది. నా సంగతి వేరు. పీప్ సైటుతో తృప్తిగా ఉన్నాను గానీ, మొన్న కంటి డాక్టరు కుడికంట్లో శుక్లం మొదలైందన్నారు. అసలే సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుగు తక్కువ, శుక్లం ముదిరితే అది ఇంకా తగ్గుతుంది. ఆపరేషన్ దాకా వస్తే ఎడమ భుజానికి మార్చుకుని కాల్చడం నేర్చుకోవాలో, డబ్బు పెట్టి మంచి స్కోపే కొనాలో అప్పుడు చూసుకుంటాను.