కీక్లోక్‌తో ఎస్‌ఎస్‌ఓ బాగానే ఉంది, అసలు పనంతా డైరెక్టరీ సింక్‌లోనే ఉంది

మా ఆఫీసు మాదాపూర్‌లో, మేం చేసేది కంపెనీలు లోపల వాడుకునే అప్రూవల్స్ యాప్. కస్టమర్ కాస్త పెద్దవాడైతే చాలు, వాళ్ళ సెక్యూరిటీ టీమ్ పంపే ఎక్సెల్ షీట్‌లో ఎస్‌ఎస్‌ఓ (కంపెనీ అకౌంట్ ఒక్కదానితోనే అన్ని యాప్‌లలోకీ లాగిన్ అవడం) ఉందా అన్న ప్రశ్న తప్పకుండా ఉంటుంది. రెడీమేడ్ సర్వీసులు చాలావరకు కనెక్షన్‌కి ఇంత అని నెలనెలా తీసుకుంటాయి, మా ధరలకి అది గిట్టదు. అందుకే ఓపెన్ సోర్స్ లాగిన్ సర్వర్ అయిన కీక్లోక్ పెట్టుకుని ఏళ్ళుగా నడుపుతున్నాం.

లాగిన్ వరకు దీనికి వంక పెట్టను. కస్టమర్ వైపు శామెల్ ఉన్నా ఓఐడీసీ ఉన్నా (రెండూ లాగిన్ సమాచారాన్ని చేరవేసే స్టాండర్డ్‌లే) మా యాప్‌కి మాత్రం ఓఐడీసీ ఒక్కటే కనిపిస్తుంది. శామెల్ 2.0 అనేది 2005 నాటి స్టాండర్డ్, దాని ఎక్స్‌ఎంఎల్ సంతకాల్ని సరిచూసే కోడ్ సొంతంగా రాయాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి, సంతకం సరిగ్గానే ఉండి లోపల మనిషి మారిపోయే దాడులు దాంట్లో బాగా తెలిసినవే. అప్‌గ్రేడ్లప్పుడు మాత్రం రిలీజ్ నోట్స్ చదవకుండా ముట్టుకోవద్దు. 2022లో వచ్చిన 17వ వెర్షన్‌లో క్వార్కస్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌కి మారినప్పుడు యూఆర్‌ఎల్‌లో ఉండే 'ఆథ్' ముక్క డిఫాల్ట్‌గా పోయింది. ఆ యూఆర్‌ఎల్ ప్రతి కస్టమర్ సెటప్‌లోనూ రాసి ఉంటుంది కాబట్టి, సెట్టింగ్‌లో పాత పాత్ అలాగే ఉంచుకోకపోతే అందరి లాగిన్లూ ఒకేసారి ఆగిపోతాయి.

ఇక డైరెక్టరీ సింక్, అంటే కస్టమర్ ఉద్యోగుల జాబితాలో జరిగే మార్పులు మా యాప్‌లోకీ రావడం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక కస్టమర్ ఐటీ అడ్మిన్ మాతో అన్న మాట: "లాగిన్ సంగతి సరేనండీ, మనిషి రిజైన్ చేసి వెళ్ళిపోయాక మీ దాంట్లో అకౌంట్ ఎంతసేపట్లో ఆగుతుంది, అది చెప్పండి." ఆయన అడిగింది న్యాయమే. ఎస్‌ఎస్‌ఓ కొత్త లాగిన్‌ని ఆపుతుంది, అంతే. అప్పటికే ఫోన్‌లో తెరిచి ఉన్న సెషన్‌నీ, ఆ మనిషి తీసుకున్న ఏపీఐ టోకెన్‌నీ (ప్రోగ్రాములు యాప్‌ని వాడుకోవడానికి ఇచ్చే తాళంచెవి లాంటిది) అది ముట్టుకోదు. ఆ పనికి స్కిమ్ (యూజర్ల చేరికలు, తొలగింపుల్ని డైరెక్టరీ నుంచి యాప్‌కి పంపే స్టాండర్డ్) కావాలి. మేం మొదలుపెట్టినప్పుడు కీక్లోక్‌లో అది లేదు కాబట్టి ఆ భాగం మేమే రాసుకున్నాం.

స్కిమ్ 2.0 స్పెక్ 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7643, 7644 అనే ఇంటర్నెట్ స్టాండర్డ్ పత్రాలుగా వచ్చింది. చదివితే తేలిగ్గానే అనిపిస్తుంది, కానీ అసలు పరీక్ష కస్టమర్ల డైరెక్టరీలు పంపే రిక్వెస్టులు చూసినప్పుడే. ఓక్టా అనే డైరెక్టరీ సర్వీసు, యూజర్‌ని డిలీట్ చేయమనదు, 'యాక్టివ్' విలువ ఫాల్స్ చేయమంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ డైరెక్టరీ ఎంట్రా ఐడీ పాత పద్ధతిలో ఆ ఫాల్స్‌ని బూలియన్‌గా (ట్రూ/ఫాల్స్ విలువగా) కాక పెద్ద ఎఫ్‌తో స్ట్రింగ్‌గా (మామూలు అక్షరాలుగా) పంపుతుంది. పైథాన్‌లో ఖాళీగా లేని ఏ స్ట్రింగైనా ట్రూ కిందే లెక్క, అంటే నేరుగా బూల్‌లోకి మార్చే కోడ్‌లో వెళ్ళిపోయిన మనిషి యాక్టివ్‌గానే మిగిలిపోతాడు, ఎక్కడా ఎర్రర్ రాదు. దీనికి టెనెంట్ యూఆర్‌ఎల్ (ఎంట్రాలో ఇచ్చే మా స్కిమ్ అడ్రస్) చివర పెట్టే ఒక ఫ్లాగ్‌ని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే చెప్పారు. మేం మాత్రం రెండు రూపాల్నీ తీసుకుంటాం, ప్రతి కస్టమర్ దగ్గరా ఆ ఫ్లాగ్ ఉందో లేదో చూస్తూ కూర్చోలేం కదా.

ఇంకోటి, ఈమెయిల్‌ని గుర్తింపుగా పెట్టుకోవద్దు. మన దగ్గర పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకునేవాళ్ళు చాలామంది, దాంతోపాటు ఆఫీసు ఈమెయిల్ కూడా మారుతుంది, అప్పుడు ఆ అమ్మాయి పాత అప్రూవల్స్ అన్నీ ఒక అకౌంట్‌లో, కొత్త లాగిన్ ఇంకో అకౌంట్‌లో పడతాయి. ఎక్స్‌టర్నల్ ఐడీ (ఆ మనిషికి డైరెక్టరీ పంపే గుర్తింపు) వాడండి, అదీ మ్యాపింగ్ చూసుకుని. ఎంట్రాలో కస్టమ్ యాప్‌కి అది డిఫాల్ట్‌గా మెయిల్ నిక్‌నేమ్‌కి (ఈమెయిల్‌లో @ ముందుండే పేరు లాంటిది) కట్టి ఉంటుంది, ఎప్పటికీ మారని ఆబ్జెక్ట్ ఐడీకి మార్చమని కస్టమర్‌ని మొదటి కాల్‌లోనే అడగాలి. ఎంట్రాలో గ్రూపులో గ్రూపు ఉంటే లోపలివాళ్ళు సింక్‌లో రారు, నేరుగా ఉన్న సభ్యులే వస్తారు. "కాంట్రాక్ట్‌వాళ్ళెవరూ కనబడట్లేదు" అనే టికెట్ వస్తే నేను ముందు చూసేది ఇదే.

ఎంట్రా సింక్ సుమారు 40 నిమిషాలకోసారి నడుస్తుంది, ఈ సంగతి కస్టమర్‌కి ముందే చెప్పేస్తే తర్వాత టెన్షన్ ఉండదు. అంతసేపు ఆగలేని సందర్భాలకి వాళ్ళ అడ్మిన్ ఒక్క యూజర్‌ని అప్పటికప్పుడు సింక్ చేసుకోవచ్చు. కొత్త కస్టమర్‌ని లైవ్ చేసే ముందు మేం ఒక టెస్ట్ యూజర్‌తో ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ లాగిన్ అయి, టోకెన్ ఒకటి తీసుకుని, తర్వాత వాళ్ళ డైరెక్టరీలో ఆ యూజర్‌ని ఆపించి, మూడూ చచ్చేదాకా కాల్ పెట్టేయం.