గోదావరి కనిపించే టవరా, దానవాయిపేట పాత అపార్ట్‌మెంటా?

మా బావగారు రాజమండ్రిలో ఫ్లాట్ కొనాలని నెల రోజులుగా తిరుగుతున్నారు. ఒకటి నది కనిపించే లగ్జరీ టవర్, ఇంకా కడుతున్నారు. రెండోది దానవాయిపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, పన్నెండేళ్ల పాతది.

నేను ముందు అడిగింది ధర కాదు, దస్తావేజులో ఎన్ని గజాలు రాస్తారని. వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి 50 గజాల అవిభాజ్య వాటా, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే నేలలో మన భాగం. అదే స్థలంలో అరవై కడితే సుమారు 17 గజాలకు దిగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కట్టడం విలువ తరుగుతుంది, పెరిగేది నేల విలువే. రీసేల్‌లో నిలబెట్టేది ఆ గజాలే అని నా గట్టి నమ్మకం.

కడుతున్న లగ్జరీ ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ కట్టాలి. రేపు మన దగ్గర కొనేవాడు అది కట్టక్కర్లేదు, కాబట్టి మనకు తిరిగి రాదు. పాత ఫ్లాటుకు ఈ బాధ లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు రెండిటికీ తప్పదు.

చదరపు అడుగు రేటు పోల్చేటప్పుడు సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, లిఫ్టులాంటి ఉమ్మడి జాగా కూడా కలిపిన కొలత) చూసి మోసపోకండి. ఇళ్ల అమ్మకాలను నియంత్రించే 2016 రెరా చట్టం కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల మనం వాడుకునే జాగా, చెప్పి తీరాలంటోంది. ధరను దాంతోనే భాగించండి.

టవర్‌కు లిఫ్టులు, జనరేటరు, ఈతకొలను, అన్నీ బాగుంటాయి, నెలనెలా కట్టే మెయింటెనెన్సూ అలాగే ఎక్కువగా ఉంటుంది. గట్టు వైపు బాల్కనీకి అడ్డం ఎవరూ కట్టలేరు. అమ్మేటప్పుడు ఆ ఒక్కటీ నిజంగా పనికొస్తుంది. కానీ అంత పెట్టి కొనేవాళ్లు మన ఊళ్లో తక్కువ, తొందరలో అమ్మాల్సొస్తే ధర తగ్గించాలి.

పిల్ల పెళ్లికి డబ్బు కావాలంటున్న బావగారికి దానవాయిపేటే చెప్పాను.