అల్గాంక్విన్‌లో కెనూ ట్రిప్: ఏ సరస్సు, ఏ పడవ, ఎక్కడ బస

కెనడాలో టొరంటో నుంచి మూడు గంటలు కారు నడిపితే అల్గాంక్విన్ పార్క్. మనవాళ్లు చాలామంది ఆకులు ఎర్రబడే రోజుల్లో వచ్చి, హైవే 60 పక్కన ఫొటోలు దిగి, చీకటి పడేలోపు టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ చేరిపోతారు. 1893లో ఏర్పడ్డ ఈ పార్కు ఏడున్నర వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో ఆ రోడ్డు దక్షిణ భాగంలో ఒక గీత, అంతే. లోపలికి పోవాలంటే కెనూ, అంటే సన్నటి పొడవాటి పడవ, ఎక్కి తెడ్డు పట్టాల్సిందే.

మేం ఆగస్టు చివర్లో కెనూ లేక్ నుంచి బయల్దేరాం. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే దారి. జో లేక్‌కి వెళ్లడానికి మధ్యలో ఒక పోర్టేజ్ ఉంది, 295 మీటర్లు. పడవనూ సామాన్లనూ మోసుకుంటూ నేల మీద నడవాలి. పసుపు బోర్డు మీద ఆ అంకె చూసి మా బావమరిది నవ్వాడు, "ఇంతేనా బావా, మా వీధి చివరికంత కూడా లేదు" అని. కెనూ బోర్లించి, మధ్య కర్రను భుజాల మీద ఆనించుకుంటే తల పడవలోపల ఉంటుంది. కాళ్ల ముందు నాలుగడుగుల నేల తప్ప ఏమీ కనబడదు. దోమ మెడ మీద వాలినా రెండు చేతులూ పైనే. సగం దారిలో వాడి నవ్వు ఆగిపోయింది.

అందుకే అద్దె దగ్గర పొదుపు చేయొద్దు. కెవ్లార్ అనే తేలికైన, గట్టి పీచుతో చేసిన పడవ ఇరవై కిలోల లోపే దొరుకుతుంది, బరువైన రకాలు ముప్పై దాటతాయి. రోజుకు కొన్ని డాలర్లు ఎక్కువైనా తేలికదే తీసుకోండి. మేం తీసుకున్న చోట పడవ బాగుంది కానీ లైఫ్ జాకెట్లలో ఒకదాని జిప్పు పడలేదు. అడిగితే విసుక్కుంటూ మార్చారు. ఒడ్డు మీదే వేసుకుని చూసుకోవాలి.

లోపల గుడారం వేసుకోవడానికి సరస్సునే బుక్ చేస్తారు, ఫలానా చోటు అని కాదు. నారింజ రంగు గుర్తున్న చోటు ఏది ఖాళీగా ఉంటే అది మీది. మధ్యాహ్నం రెండింటికల్లా చేరితే రాతిబండా గాలీ ఉన్న మంచి చోటు దొరుకుతుంది. టాయిలెట్ అంటే చెట్ల మధ్య మూత ఉన్న చెక్కపెట్టె, గోడలుండవు. మా ఆవిడకు ఎలుగుబంటి కన్నా దాని గురించే ఎక్కువ టెన్షన్.

రేకు డబ్బాలు, గాజు సీసాలు లోపలికి నిషేధం. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. కందిపొడి, వేయించిన రవ్వ, అటుకులు ఉంటే వంటకు ఢోకా లేదు. రాత్రికి తిండి మొత్తం, టూత్‌పేస్ట్‌తో సహా, సంచిలో కట్టి గుడారానికి దూరంగా ఎత్తైన కొమ్మకు వేలాడదీయాలి. ఎలుగుబంట్లకు వాసన చాలు. తాడు కొమ్మ మీంచి పడేలా విసరడానికి మాకు పట్టినంత సేపు వంటకు కూడా పట్టలేదు.

పార్కులోకెల్లా పెద్ద సరస్సు ఒపియాంగో. పేరు చూసి అక్కడికే పోదామంటారు చాలామంది. గాలి లేస్తే అలలు పడవలోకి కొడతాయి. కొత్తవాళ్లు వాటర్ టాక్సీకి, అంటే అద్దె మోటారు పడవకు, డబ్బు కట్టి అవతలి ఒడ్డు చేరడం మేలు. నా ఓటు మాత్రం జో లేక్ దాటి టామ్ థామ్సన్ లేక్ వైపే. ఆ పేరు 1917లో కెనూ లేక్‌లో చనిపోయిన చిత్రకారుడిది.

పెద్దవాళ్లు వెంట ఉంటే పార్కులోనే బార్ట్‌లెట్ లాడ్జ్, అరోహాన్ పైన్స్ లాంటి బస చేసే లాడ్జీలు ఉన్నాయి. ఖరీదు ఎక్కువే, కానీ అమ్మానాన్నలను గుడారంలో పడుకోబెట్టే బదులు అదే నయం. వాళ్లను అక్కడ ఉంచి, పగలు పడవ వేసుకోవచ్చు. ఎప్పుడు వెళ్లినా మే నెలాఖరు, జూన్ మాత్రం వద్దు. ఆ రోజుల్లో నల్ల ఈగలు చెవి వెనక, జుట్టు కుదుళ్లలో రక్తం వచ్చేలా కొరుకుతాయి.