డైనోసార్ల పెట్టెలో అసలు వస్తువు ఆ కాగితం పట్టీయే

ఈ పెట్టె కొన్నప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు. ఇప్పుడు ఆరున్నర. పన్నెండు ప్లాస్టిక్ డైనోసార్లు, ఒక చిన్న పుస్తకం, మడతలు పెట్టిన ఒక కాగితం పట్టీ. ఇలాంటి పెట్టెలు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి, కాబట్టి కంపెనీ పేరు జోలికి పోను. బొమ్మలు ఎలా ఉంటాయో, ఎంతుంటాయో పెట్టె మీదే కనిపిస్తుంది, అది కూడా వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది ఆ పట్టీ గురించి. మొదటి రోజు దాన్ని ప్యాకింగ్ కాగితం అనుకుని చెత్తబుట్టలో వేయబోయాను.

విప్పి నేల మీద పరిస్తే రెండున్నర మీటర్లు దాటుతుంది. ఒక సెంటీమీటరుకి పది లక్షల ఏళ్లు. ఒక చివర ‘ఈ రోజు’ అని ఉంటుంది. అక్కణ్నుంచి 66 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా లావుపాటి నల్లగీత, పక్కన ఆకాశం నుంచి పడుతున్న నిప్పుల ముద్ద. ‘డైనోసార్ల అంతం’ అని అక్షరాలు. ఆ గీత దాటాక మూడు ప్రాచీన యుగాల పేర్లు: 145 దాకా క్రెటేషియస్, 201 దాకా జురాసిక్, 252 దాకా ట్రయాసిక్. ఆ తర్వాత మిగిలిన కాస్త చోటులో కంపెనీ గుర్తు, మూడేళ్ల లోపు పిల్లలకి ఇవ్వొద్దన్న హెచ్చరిక.

అంతే. ఇంకేం లేదు దాని మీద. రంగులు కూడా పెద్దగా లేవు.

నాలుగేళ్ల పిల్లకి ‘ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్లు’ అంటే ఏం తెలుస్తుంది? నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. మా అమ్మాయి లెక్కలో కాలం మూడు రకాలు: నిన్న, మొన్న, తాతయ్య చిన్నప్పుడు. తాతయ్య డైనోసార్లని చూశాడా అని చాలా సీరియస్‌గా ఫోన్ చేసి అడిగింది కూడా. అలాంటిది ఈ పట్టీ మీద బొమ్మల్ని నిలబెట్టడం మొదలుపెట్టాక నెల తిరగకుండానే అడగడం మానేసింది. పుస్తకంలో ఒక్కో బొమ్మ పక్కన అది బతికిన కాలం రాసి ఉంది. నేను అంకె చదువుతాను, తను వెతికి అక్కడ నిలబెడుతుంది. ఆట అంతే.

టీ-రెక్స్, ట్రైసెరాటాప్స్, ఆంకిలోసారస్ మూడూ నల్లగీతని ఆనుకుని ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడతాయి. స్టెగోసారస్, డిప్లోడోకస్, బ్రాకియోసారస్ ఎక్కడో దూరంగా 150 దగ్గర. నేను చిన్నప్పటి నుంచీ చూసిన బొమ్మల్లో టీ-రెక్స్ ఎదురుగా స్టెగోసారస్ తోక ఝాడిస్తూ ఉండేది. రెండూ ఇరుగుపొరుగు అనే అనుకునేవాణ్ని. మా అమ్మాయి డిప్లోడోకస్ బొమ్మని స్కేలులా వాడి కొలిచింది. ఆ బొమ్మ పొడవు సరిగ్గా 20 సెంటీమీటర్లు. స్టెగో నుంచి టీ-రెక్స్ దాకా నాలుగు డిప్లోలు పైచిలుకు. టీ-రెక్స్ నుంచి ఈ రోజు దాకా మూడు డిప్లోలు, ఇంకో తల.

“నాన్నా, టీ-రెక్స్ స్టెగోకి దగ్గర కాదు, మనకే దగ్గర!”

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మర్చిపోయేవాణ్ని కూడా. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక డిప్లో అంటే రెండు కోట్ల ఏళ్లు. ‘ఇంకెంతసేపు?’ అని తను అడిగితే, ‘ఒక డిప్లో’ అని మా ఆవిడ అంటుంది.

మనుషులెక్కడ అని అడిగింది ఒకసారి. మనలాంటి మనుషులు వచ్చి దాదాపు 3 లక్షల ఏళ్లు. పట్టీ మీద 3 మిల్లీమీటర్లు. పెన్సిల్ చెక్కి గీశాను. రాతపూర్వక చరిత్ర అంతా, రాజులూ కోటలూ అన్నీ, ఆ గీత మందమంత కూడా రాదు. అది తనకి చెప్పలేదు. రాత్రి పట్టీ మడుస్తూ నాకు నేనే లెక్కేసుకున్నాను.

మొదటి ఆర్నెల్లలో ఈ పెట్టె గురించి కనిపించిన వాళ్లందరికీ చెప్పాను, బొమ్మలు అద్భుతం అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి. పొట్ట కింద పేర్లు అచ్చేసి ఉండటం నిజంగానే బాగుంది. అమ్మాయి అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి పెద్ద మాట ట్రైసెరాటాప్స్. మూడు కొమ్ముల ముఖం అని దాని అర్థం పుస్తకంలో ఉంది. కానీ టీ-రెక్స్ చేతికి మూడు వేళ్లున్నాయి. ఉండాల్సినవి రెండు. అది మా అమ్మాయే కనిపెట్టింది, లైబ్రరీ నుంచి తెచ్చిన వేరే పుస్తకం పక్కన పెట్టుకుని. పైగా బొమ్మలన్నీ దాదాపు ఒకే ఎత్తు. అసలు వెలాసిరాప్టర్ తోకతో కలిపి చూసినా రెండు మీటర్లు మించదు, నడుము దగ్గర అర మీటరు ఎత్తు. ఈ పెట్టెలో అది బ్రాకియోసారస్ భుజం మీద చెయ్యి వేసేలా ఉంటుంది. వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకున్న గుబ్బల్ని 2007లోనే గుర్తించారు. మా బొమ్మకి మాత్రం నున్నటి పచ్చ చర్మం. స్పైనోసారస్ తోక సన్నగా బల్లి తోకలా ఉంది. మొరాకోలో దొరికిన తోక ఎముకల్ని బట్టి అది తెడ్డులా వెడల్పుగా ఉండేదని 2020లో తేల్చారు. ఈ ఒక్క విషయంలో కంపెనీని తప్పుపట్టను, అచ్చు ఎప్పుడో పోసి ఉంటారు. వేళ్ల సంగతి అలా కాదుగా.

నాకు నిజంగా ఒళ్లు మండింది మాత్రం డైమెట్రోడాన్ దగ్గర. వీపు మీద తెరచాపలాంటిది ఉంటుంది చూడండి, అది. పుస్తకంలో దాని పక్కన కాలం రాయలేదు. మిగతా పదకొండింటికీ రాశారు, దీనికి ఖాళీ. ‘ఇది ఎక్కడ నిలబడాలి నాన్నా?’ అని రోజూ పేచీ. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు నెట్‌లో పెట్టిన డైనోసార్ల జాబితాలో వెతికాను. ఉచితంగానే చూడొచ్చు, ఈ రెండున్నరేళ్లలో మాకు పెట్టెతో సమానంగా పనికొచ్చింది. అందులో లేదు. ఎందుకు లేదంటే అది డైనోసారే కాదు. 27 నుంచి 29 కోట్ల ఏళ్ల కిందటిది, డైనోసార్లు పుట్టకముందే పోయింది. చుట్టరికం చూస్తే డైనోసార్ల కన్నా మన క్షీరదాల వైపే దానికి దగ్గర. అంటే పెట్టెలో బొమ్మ ఉంది, అదే పెట్టెలోని పట్టీ మీద ఆ బొమ్మకి చోటు లేదు! కాలం రాస్తే దొరికిపోతామని ఖాళీ వదిలినట్టున్నారు.

ఆ మాటకొస్తే టెరనోడాన్ ఎగిరే సరీసృపం, ఎలాస్మోసారస్ సముద్రపు సరీసృపం. అవీ డైనోసార్లు కావు. ‘12 డైనోసార్లు’ అని పెట్టె మీద ఉన్నా, లోపల ఉన్నవి తొమ్మిదే.

మా అమ్మాయికి మాత్రం కోపం రాలేదు. డైమెట్రోడాన్‌ని కొన్నాళ్లు కంపెనీ గుర్తు మీద, హెచ్చరిక పక్కన నిలబెట్టింది. అక్కడ కూడా అంకె సరిపోదని చెప్పాక, తెల్ల కాగితాలు అతికించి పట్టీని ఇంకో అర మీటరు పొడిగించాం. అప్పుడు అసలు సమస్య కనిపించింది. డైమెట్రోడాన్ నుంచి స్టెగోసారస్ దాకా మీటరు పైన ఖాళీ, మధ్యలో ఒక్క బొమ్మ లేదు. ట్రయాసిక్ మొత్తం బోసిగా ఉంది. ఇక్కడ ఎవరూ ఉండేవాళ్లు కాదా అంది. అర్జెంటీనాలో దొరికిన ఈయోరాప్టర్ గురించి చదివి వినిపించాను, 23 కోట్ల ఏళ్ల నాటిది, కుక్కంత ఉంటుంది. మట్టితో చేసి 231 దగ్గర పెట్టింది. చూస్తే కుక్కలాగే ఉంది. దాని మెడ ఇప్పటికి మూడుసార్లు విరిగింది.

ఇక చిరుగు సంగతి. పట్టీని 22 సెంటీమీటర్లకి ఒక మడత చొప్పున మడిచి ఇచ్చారు. 22, 44, 66. అంటే మూడో మడత సరిగ్గా నల్లగీత మీదే పడుతుంది. బొమ్మలు ఎక్కువగా మూగేదీ, మోకాళ్లు పడేదీ, అటూ ఇటూ లాగేదీ కూడా అక్కడే. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం పర్రుమని చిరిగింది. డైనోసార్ల ముక్క ఒకటి, మన ముక్క ఒకటి. పిల్ల ఏడుపు చెప్పనక్కర్లేదు. నేను వెనక నుంచి టేపు వేశాను. రెండు నెలలకి టేపు పచ్చబడి ఊడింది. మళ్లీ వేశాను, ఈసారి గుడ్డ టేపు. గట్టిగా నిలబడింది గానీ పట్టీ అక్కడ ఉబ్బెత్తుగా తయారై, టీ-రెక్స్ నిలబడటం మానేసింది. పెట్టగానే పక్కకి ఒరిగిపోతుంది. ‘రాయి పడింది కదా, అందుకే’ అని తనే సర్దిచెప్పుకుంది. రాయి అంటే మెక్సికో తీరంలో చిక్సులూబ్ దగ్గర పడ్డది, సుమారు పది కిలోమీటర్ల వెడల్పున్న గ్రహశకలం.

ఆ టేపు వేస్తున్నప్పుడే అడిగింది. “అన్నీ ఇక్కడే చచ్చిపోతే, పక్షులు డైనోసార్లే అని ఎందుకన్నావ్?”

అన్న మాట నిజమే. పక్షులు డైనోసార్ల సంతతే, ఒక శాఖ ఆ దెబ్బ తట్టుకుని బయటపడింది. 1996లో చైనాలో ఈకల ఆనవాళ్లతో సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ శిలాజం బయటపడ్డ సంగతి కూడా ఎప్పుడో చెప్పాను. కానీ పట్టీ మీద నల్లగీత అలా లేదే! అంతం అంటే అంతం అన్నట్టుంది. తప్పు పట్టీదే అని ఒప్పుకున్నాను. తను కాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్లి, కిటికీ అంచు మీద దాచుకున్న పావురం ఈక తెచ్చింది. చిరుగుకి అడ్డంగా, కాడ డైనోసార్ల వైపు, కొస మన వైపు వచ్చేలా పెట్టి, ‘దీని మీద టేపు వెయ్యి’ అంది. వేశాను. ఈక కాస్త నలిగింది, పైన దుమ్ము పట్టింది, టేపు కింద గాలి బుడగలున్నాయి. ఆరేళ్ల పుట్టినరోజుకి కొత్త పట్టీ ప్రింట్ తీయిస్తానంటే వద్దంది.

కాబట్టి కొనొచ్చా అంటే, మా సంగతి చెబుతాను, మీరే చూసుకోండి. మా హాల్లో మూడు మీటర్లు ఖాళీ నేల ఉంది. ఒక్కతే పిల్ల, పరిచిన పట్టీ తొక్కేవాళ్లు లేరు. సాయంత్రాలు నేను పక్కన కూర్చోగలిగాను. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ కాగితం మొదటి వారంలోనే ఉండ చుట్టి మూలన పడేది, మిగిలేది మూడు వేళ్ల టీ-రెక్స్. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే జాగ్రత్త, వెలాసిరాప్టర్ తోక కొస కొరికితే ఊడి వస్తుంది. మీ పిల్లలకి గర్జనలు, యుద్ధాలు మాత్రమే ఇష్టమైతే విడిగా మంచి బొమ్మలు రెండు కొనడమే నయం. పట్టీ ఒక్కటే కావాలంటే చార్టు కాగితం కత్తిరించి అతికించుకుని ఇంట్లోనే గీసుకోవచ్చు, అంకెలన్నీ పైన ఇచ్చేశాను. అయితే ‘పెట్టెలోంచి వచ్చింది’ అన్న మోజు ఆ కాగితానికి ఉండదు, పిల్లల దగ్గర ఆ మోజుకి చాలా విలువ.

పోయిన నెల మా తమ్ముడి కొడుకు కోసం ఇదే పెట్టె మళ్లీ కొన్నాను. పట్టీని ఇప్పుడు మడవకుండా గొట్టంలా చుట్టి ఇస్తున్నారు. ఇచ్చేముందు మా అమ్మాయి టీ-రెక్స్‌ని బయటికి తీసి వేళ్లు లెక్కపెట్టింది. మూడే.